కాయ వేరు, నూనె వేరు

2024 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కొబ్బరినూనె మీద ఒక తీర్పు ఇచ్చింది. చిన్న సీసాల్లో, ప్యాకెట్లలో అమ్మే కొబ్బరినూనెను పన్ను లెక్కల్లో తిండి నూనె కింద జమ కట్టాలా, తలనూనె కింద జమ కట్టాలా అన్నది తగువు. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పడంతో అది పెద్ద ధర్మాసనానికి వెళ్లింది. తలనూనె అని చెప్పి అమ్మితే తప్ప, సీసా చిన్నదైనంత మాత్రాన అది తిండి నూనె కాకుండా పోదని చివరికి తేల్చారు. మలయాళీలకు ఇందులో వింతేమీ లేదు. తెలుగిళ్లలో మాత్రం కొబ్బరినూనె సీసా ఉండే చోటు అద్దం పక్కన. పొయ్యి పక్కన ఉండేది వేరుశనగ నూనో, నువ్వుల నూనో, ఈమధ్య పొద్దుతిరుగుడో, తవుడు నూనో. మనకు తినే కొబ్బరి అంటే కాయే: దేవుడి దగ్గర కొట్టిన చెక్క, కూరలో చల్లిన కోరు, మసాలాలో నూరిన కుడుక.

ఈ సంగతి మొదట్లోనే ఎత్తుకోవడానికి కారణం ఉంది. కొబ్బరి మేలా, కీడా అని ప్రపంచమంతా జరిగిన వాదులాట దాదాపుగా నూనె చుట్టూనే తిరిగింది. తిట్లు తిన్నదీ నూనే, పొగడ్తలు అందుకున్నదీ నూనే. ఆ తిట్లు చెవిన పడి పెద్దవాళ్లు కొందరు పచ్చడి మానేశారు. ఆ పొగడ్తలు చెవిన పడి కుర్రవాళ్లు కొందరు పొద్దున్నే కాఫీలో చెంచాడు కొబ్బరినూనె కలుపుకుంటున్నారు. ఇద్దరూ నూనె గురించి చెప్పిన మాటను కొబ్బరి మొత్తానికీ అంటగట్టారు. ఏ మాట దేనికి వర్తిస్తుందో విడదీసి చూస్తే మన వంటింటికి కావలసిన జవాబు చాలావరకు దొరుకుతుంది.

ముందు నూనె సంగతి. 1988లో అమెరికాలో ఫిల్ సోకోలోఫ్ అనే వ్యాపారి, తాను గుండెపోటు నుంచి బయటపడ్డ మనిషి, సొంత డబ్బుతో పెద్ద పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించాడు. బిస్కట్లలో, చిరుతిళ్లలో కొబ్బరినూనె, పామాయిల్ వాడి కంపెనీలు జనాన్ని చంపుతున్నాయన్నది ఆయన ఆరోపణ. జనం కదిలారు, కంపెనీలు దిగివచ్చాయి. కానీ ఆ నూనెల స్థానంలోకి వచ్చింది హైడ్రోజన్ పట్టించి గట్టిపరచిన సోయా నూనె, అంటే మన డాల్డా జాతి కొవ్వు. అందులోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు కొబ్బరినూనె కన్నా ఎక్కువ చేటు చేస్తాయని తర్వాత రుజువైంది. అలాంటి నూనెలు తిండిలో వాడటం సురక్షితం కాదని అమెరికా ప్రభుత్వ సంస్థ తేల్చడానికి 2015 దాకా పట్టింది. మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నిబంధన 2022లో అమల్లోకి వచ్చింది. ఒక తిండిని తీసేసేటప్పుడు దాని చోటులోకి ఏది వస్తోందో చూడాలన్నది ఈ చరిత్ర నేర్పిన పాఠం. కొబ్బరి గురించి చేసిన పరిశోధనలన్నీ చదవడానికి ఈ ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే చాలు: దేని బదులు?

సోకోలోఫ్ చెప్పింది అబద్ధమేమీ కాదు. కొబ్బరినూనెలో 80 నుంచి 90 శాతం సంతృప్త కొవ్వు. నెయ్యిలో అది 60 శాతం పైచిలుకు, వేరుశనగ నూనెలో 20 శాతం లోపు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, పెరుగుతుంది. కొబ్బరినూనెకు ఈ సూత్రం నుంచి మినహాయింపు ఉందా అన్నదే అసలు తగువు. మినహాయింపు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో చెప్పింది. 2020లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష 16 పరిశోధనా పత్రాలను కలిపి లెక్కకట్టింది. మామూలు వంటనూనెల బదులు కొబ్బరినూనె వాడినవాళ్లలో ఎల్‌డీఎల్ డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెరిగింది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కూడా 4 మిల్లీగ్రాములు పెరిగింది. రెండూ పెరిగాయి కాబట్టి చెల్లుకు చెల్లు అని నూనె అమ్మేవాళ్లు అంటారు. అది ఒప్పుకోదగ్గ మాట కాదు. హెచ్‌డీఎల్‌ను పెంచినంత మాత్రాన గుండెపోట్లు తగ్గుతాయని మందులతో చేసిన పరీక్షల్లో తేలలేదు. ఎల్‌డీఎల్ తగ్గితే గుండెపోట్లు తగ్గుతాయన్నది మాత్రం పదేపదే తేలింది.

అయితే అవతలి పక్షం వాళ్లు చూపేవి కూడా నిజమైన పరిశోధనలే. 2018లో ఇంగ్లండ్‌లో 50 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లకు రోజూ 50 గ్రాముల చొప్పున నాలుగు వారాలు కొందరికి కొబ్బరినూనె, కొందరికి వెన్న, కొందరికి ఆలివ్ నూనె ఇచ్చి చూశారు. వెన్న ఎల్‌డీఎల్‌ను పెంచింది, కొబ్బరినూనె ఆలివ్ నూనె కన్నా ఎక్కువ పెంచలేదు. ఆశ్చర్యమే, కానీ నాలుగు వారాల ముచ్చట అది, పాల్గొన్నవాళ్లు తొంభై మంది చిల్లర. కొచ్చిలో 200 మంది గుండెజబ్బు రోగులకు రెండేళ్లపాటు కొందరికి కొబ్బరినూనె, కొందరికి పొద్దుతిరుగుడు నూనె వంటకు వాడించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. తేడా కనబడలేదు. వాళ్లు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు వేసుకుంటున్నవాళ్లన్నది గుర్తుంచుకోవాలి. మందు పనిచేస్తున్నప్పుడు నూనె తేడా దాని కింద మునిగిపోవచ్చు.

ఈ మొత్తం చర్చలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పసిఫిక్ దీవుల కథ. టోకెలావ్, పుకాపుకా అని రెండు పగడపు దీవుల సమూహాలు. అక్కడ కొబ్బరి తప్ప పెద్దగా ఏదీ పండదు. 1981లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం టోకెలావ్ వాళ్లకు తిండి నుంచి వచ్చే శక్తిలో 63 శాతం, పుకాపుకా వాళ్లకు 34 శాతం కొబ్బరి నుంచే వచ్చేది. ఎక్కువ కొబ్బరి తినే టోకెలావ్ వాళ్లకు కొలెస్ట్రాల్ ఎక్కువే ఉంది, సూత్రం తప్పలేదు. కానీ రెండు చోట్లా గుండె, రక్తనాళాల జబ్బులు అరుదు. అయితే వాళ్లు తిన్నది ప్రధానంగా కాయ, దాంతో చేప, కందజాతి దుంపలు. చక్కెర తక్కువ, ఉప్పు తక్కువ, ఒళ్లు వంచి చేసే పని ఎక్కువ. టోకెలావ్ జనంలోనే న్యూజిలాండ్‌కు వలస వెళ్లినవాళ్లకు తిండిలో కొబ్బరి తగ్గింది, బరువు, రక్తపోటు, మధుమేహం పెరిగాయి. కొబ్బరి వాళ్లను కాపాడిందని దీనికి అర్థం కాదు. మిగతా తిండీ బతుకూ సవ్యంగా ఉన్నచోట కాయ తిండిగా ఎక్కువ తిన్నా పెద్ద హాని కనబడలేదని మాత్రం అనవచ్చు. అంతకు మించి లాగితే ఆ సాక్ష్యం తెగిపోతుంది.

బరువు తగ్గడానికి కొబ్బరినూనె అన్న ప్రచారం గురించి క్లుప్తంగా చెప్పి నూనె సంగతి ముగిస్తాను. మీడియం చెయిన్ కొవ్వులు, అంటే ఎంసీటీలు, కాలేయానికి నేరుగా చేరి త్వరగా ఖర్చయిపోతాయన్నది నిజం. కానీ దాన్ని చూపిన పరీక్షలు చేసింది ప్రత్యేకంగా తయారుచేసిన ఎంసీటీ నూనెతో. కొబ్బరినూనెలో సగం దాకా ఉండేది లారిక్ ఆమ్లం. పేరుకు మీడియం చెయిన్ అయినా, ఒంట్లో అది ఎక్కువ భాగం మామూలు పొడవు కొవ్వుల దారినే పోతుంది. ఎంసీటీ నూనె కీర్తిని కొబ్బరినూనె సీసా మీద అచ్చేసి అమ్ముతున్నారు. గానుగ ఆడించిన పచ్చి కొబ్బరినూనె వాసన బాగుంటుంది, అది కొనుక్కోవడానికి ఆ వాసనే చాలిన కారణం. సంతృప్త కొవ్వు మాత్రం అందులోనూ అంతే.

ఇక మన కాయ దగ్గరికి వద్దాం. 100 గ్రాముల పచ్చి కొబ్బరిలో రకాన్నీ ముదురునూ బట్టి 350 నుంచి 400 కేలరీలు, 33 నుంచి 41 గ్రాముల కొవ్వు ఉంటాయి. దాంతోపాటు 9, 10 గ్రాముల పీచు, మూడు నాలుగు గ్రాముల మాంసకృత్తులు, దాదాపు సగం బరువు నీళ్లు. ఈ పీచూ నీళ్లే కాయకూ నూనెకూ మధ్య గీత. చెంచాడు నూనె గొంతు దిగడానికి క్షణం పట్టదు. అందులో ఉన్నంత కొవ్వు కొబ్బరి ముక్కల రూపంలో తినాలంటే చాలాసేపు నమలాలి, ఆలోపు కడుపే చాలంటుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. మోస్తరు కాయలో పావు కిలో కొబ్బరి వస్తుందనుకుంటే, ఒక చెక్క 125 గ్రాములు. ఆ చెక్కతో చేసిన పచ్చడి నలుగురు తింటే మనిషికి 30 గ్రాములు పడుతుంది. అంటే సుమారు 110 కేలరీలు, 9 గ్రాముల సంతృప్త కొవ్వు, 3 గ్రాముల పీచు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు పదో వంతు శక్తిని మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే 22 గ్రాముల లోపు. పచ్చడి ఒక్కటే అందులో ఐదింట రెండు వంతులు తీసుకుంటుంది. వారానికి రెండు మూడు రోజులు, ఆ పూట నెయ్యి, వేపుళ్లు తగ్గించుకుంటే ఆరోగ్యవంతులకు ఇందులో భయపడాల్సింది లేదు. రోజూ పొద్దున నెయ్యి దోసె, కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం ముద్దపప్పులో నెయ్యి, సాయంత్రం బిస్కట్లు అయితే గీత ఎప్పుడో దాటేశారన్నమాట. అప్పుడు మానాల్సింది ముందు బిస్కట్లు, పచ్చడి కాదు. బిస్కట్‌లో మైదా, చక్కెర, పామాయిల్ తప్ప ఇంకేం లేదు. పచ్చడిలో పీచుంది, పచ్చిమిర్చి, చింతపండు, కొత్తిమీర ఉన్నాయి.

నా ఉద్దేశంలో మన వంటల్లో కొబ్బరికి అన్నిటికన్నా తగిన చోటు కూర. చిక్కుడుకాయ, గోరుచిక్కుడు, బీన్స్, క్యాబేజీ, అరటికాయ, ఏదైనా సరే. కాయకూరను కొద్ది నీళ్లలో మగ్గబెట్టి, రెండు చెంచాల నూనెలో మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, దింపే ముందు గుప్పెడు కొబ్బరి కోరు చల్లి ఒక్క తిప్పు తిప్పితే చాలు. నలుగురికీ కలిపి 40 గ్రాముల కోరు, అంటే మనిషికి మూడు గ్రాముల సంతృప్త కొవ్వు. వేపుడు కోసం గరిటెల కొద్దీ పోసే నూనె మిగిలిపోతుంది, కూర పరిమాణం రెట్టింపు తింటారు. దేని బదులు అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. కొబ్బరి ఇక్కడ నూనె బదులు వస్తోంది, కాయకూరను వెంటబెట్టుకుని వస్తోంది. గోరుచిక్కుడు మొహం చూడని పిల్లలు కోరు చల్లితే తినడం చాలా ఇళ్లలో తల్లులకు తెలిసిన కిటుకే.

కోరు చల్లడంలో ఒక మెళకువ ఉంది. కోరాము మీద చెక్క తిప్పుతూ కోరినప్పుడు తెల్లటి సన్నని పొరలు రాలతాయి. చిప్పకు అంటుకున్న గోధుమ రంగు పొట్టు రాకముందే ఆపితే కోరు తీపిగా, మెత్తగా ఉంటుంది. ముక్కలు కోసి మిక్సీలో తిప్పితే పొట్టుతో సహా రవ్వలా వస్తుంది, కాస్త వగరు తగులుతుంది, పీచు మాత్రం ఏమీ పోదు. పచ్చడికి ఆ రవ్వే మేలు. కోనసీమలో మామిడికాయ రోజుల్లో చేసే కొబ్బరి మామిడికాయ పచ్చడి రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. పుల్లటి మామిడి ముక్క, కొబ్బరి ముక్క, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నాలుగు పోట్లు వేసి, పంటి కింద తగిలే దశలో తీసేసి ఇంగువ పోపు పెడతారు. నీళ్లు పోసి మెత్తగా తిప్పిన హోటల్ చట్నీ జారిపోయినంత సులువుగా ఇది జారదు, అందుకే కొద్దిగా వడ్డించుకున్నా సరిపోతుంది. ఆ హోటల్ చట్నీల్లో కొబ్బరి కన్నా పుట్నాలపప్పు వాటా ఎక్కువ. అదేమీ తప్పు కాదు, పప్పు కలిసినందుకు మాంసకృత్తులు పెరుగుతాయి. ఇంట్లోనూ చెక్కకు గుప్పెడు పుట్నాలు కలిపితే కొవ్వు పలచబడుతుంది.

తెలంగాణలో, రాయలసీమలో కథ వేరు. సముద్రానికి దూరం కాబట్టి అక్కడ వంటలో ఎక్కువగా కనబడేది ఎండు కొబ్బరి. తెలంగాణ ఇంట్లో కుడుకలు పెళ్లి సారెలో ఉంటాయి, హోలీకి పిల్లల మెళ్లో చక్కెర పేర్లతో ఉంటాయి, మాంసం కూరలో నూరిన పొడిగా ఉంటాయి. హైదరాబాదీ బగారా బైంగన్‌లో నువ్వులు, పల్లీలతో కలిసి పులుసును చిక్కబరిచేది అదే. నీరు ఎండిపోయింది కాబట్టి కుడుక బరువులో మూడింట రెండు వంతులు కొవ్వే. కానీ వాడేది నలుగురి కూరకు ఇరవై, పాతిక గ్రాములు. చింతపండు పులుపుకు ఆ కొద్దిపాటి కొవ్వు విరుగుడుగా పనిచేస్తుంది. లెక్క తప్పేది కొబ్బరి కారం దగ్గర. వేడన్నంలో రెండు చెంచాల కారం, దాని మీద నెయ్యి, అలా రోజూ తింటే అది మసాలా కాదు, భోజనంలో సగం కొవ్వు.

కుడుక కొనేటప్పుడు లోపలివైపు వేలితో రాసి చూడాలి. తెల్లగా, పొడిగా, నూనె మెరుపుతో ఉండాలి. పసుపుపచ్చ, ఆకుపచ్చ, నల్లటి బూజు మచ్చ కనబడితే ఆ ముక్క చెక్కేసి మిగతాది వాడుకోవడం మంచిది కాదు. సరిగా ఆరని ఎండు కొబ్బరిలో పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయానికి చేటు, వేయిస్తే పోదు. శ్రావణంలో, కార్తీకంలో దేవుడి దగ్గర కొట్టిన చెక్కలు ఇంట్లో పోగవుతాయి. ఫ్రిజ్‌లో ఓ మూల పడేసి జిగురు పట్టాక గుర్తొస్తాయి. కొట్టిన రోజే కోరి, చిన్న డబ్బాల్లో సర్ది డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొనుక్కునే గడ్డకట్టిన కోరు కూడా అదే పద్ధతి, మంచిదే. అక్కడి దుకాణాల్లో బేకింగ్ అర దగ్గర దొరికే తీపి కోరు ప్యాకెట్లలో చక్కెర కలిపి ఉంటుంది, అది పచ్చడికి పనికిరాదు.

తీపి వంటల మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. లౌజు అయినా, కజ్జికాయ అయినా, బూరె అయినా అందులో బరువైనది కొబ్బరి కాదు, బెల్లమూ పంచదారా. బెల్లం వేశాం కాబట్టి ఆరోగ్యమన్నది మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే, కేలరీల్లో రెండిటికీ తేడా నామమాత్రం. పండక్కి చేసుకుని ఇష్టంగా తినాలి.

కొబ్బరి పాలది మధ్యస్థం. కోరులో గోరువెచ్చని నీళ్లు పోసి పిండితే కొవ్వు పాలలోకి వస్తుంది, పీచు పిప్పిలో ఉండిపోతుంది. చిక్కటి మొదటి పాలలో 100 గ్రాములకు 20 గ్రాములు పైనే కొవ్వు. ఆనపకాయ, బీరకాయ కూరల్లో రెండో పాలు, మూడో పాలు పోసి ఉడికించి, మొదటి పాలు చివర్న కొద్దిగా కలపడం పాత పద్ధతి. రుచికీ లెక్కకూ అదే సరైనది. పిప్పిని పారేయడం మాత్రం నాకు మనసొప్పదు. కాయలో అసలు మేలు చేసే పీచంతా అందులోనే ఉంది. వేయించి కరివేపాకు పొడిలో కలపొచ్చు, జొన్నరొట్టె పిండిలో కలపొచ్చు, గారెల పిండిలో గుప్పెడు వేయొచ్చు.

మిగిలింది బొండం. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 20 కేలరీల చుట్టూ, సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం. ఎండవేళ కూల్‌డ్రింకు బదులు బొండం తాగడం కన్నా మంచి మార్పు ఇంకోటి లేదు. విరేచనాలకు ఓఆర్ఎస్ బదులు మాత్రం పనికిరాదు. ఓఆర్ఎస్‌లో లీటరుకు సోడియం 75 మిల్లీమోల్స్, పొటాషియం 20. బొండం నీళ్లలో ఈ వరస తలకిందులు, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ.

ఆ పొటాషియమే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెద్ద ప్రశ్న అవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఎటు చూసినా కొబ్బరి తోటలే. 2018 తిత్లీ తుపాను వాటిని నేలకూల్చినా మళ్లీ నాటుకున్నారు. కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు అదే నేల మీద వేల కుటుంబాలను పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పెరట్లోనే బొండాలు కాసే మనిషికి కొబ్బరి తినొద్దు అని ఒక్క మాట చెప్పి పంపితే సరిపోదు. 250 మిల్లీలీటర్ల బొండం నీళ్లలో 600 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, 30 గ్రాముల కొబ్బరి పచ్చడిలో వంద పైచిలుకు. తేడా ఆరు రెట్లు. బొండం పూర్తిగా మానాలా, పచ్చడి వారానికి ఎంత తినొచ్చు, కూరలో కోరు వేసుకోవచ్చా అన్నది రక్తపరీక్ష చూసి మనిషి మనిషికీ విడివిడిగా చెప్పాలి. చెప్పింది తెలుగులో, చెక్కల్లో, చెంచాల్లో కాగితం మీద రాసి ఇవ్వాలి.